రాజాం ఏ జిల్లాలో ఉంది? – కెర్నెల్ కోడ్‌పై పాఠకుల ప్రశ్నలకు జవాబులు

లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండె వంటిది కెర్నెల్. అందులో డిస్కు మీది ఫైళ్లను చూసుకునే ఫైల్ సిస్టమ్ కోడ్‌ను ఎక్కడి నుంచి చదవడం మొదలుపెట్టాలో గత నెల ఈ శీర్షికలో రాశాను. దానికి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే చోటికి వచ్చి ఆగాయి. చదువుతూ పోతుంటే ఎందుకున్నాయో అర్థం కాని పారామీటర్లు (ఫంక్షన్‌ను పిలిచేటప్పుడు అందించే విలువలు) ఫంక్షన్లలో కనిపిస్తున్నాయని, వాటిని తీసెయ్యవచ్చా అని అడిగారు. అందువల్ల మిగిలిన ప్రశ్నలను వచ్చే నెలకు ఉంచి, ఈసారి వీటికే జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: నేను ఇంజినీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్నాను. లైనక్స్ కెర్నెల్‌లోని ఒక ఫైల్ సిస్టమ్‌లో ఒక చిన్న ఫంక్షన్ ఐనోడ్‌ను, సూపర్‌బ్లాక్‌ను రెండింటినీ పారామీటర్లుగా తీసుకుంటోంది. ఐనోడ్‌లోనే సూపర్‌బ్లాక్‌కు పాయింటర్ ఉన్నప్పుడు మళ్లీ విడిగా ఇవ్వడం దేనికి? దాన్ని తీసేస్తే కెర్నెల్ వేగం పెరుగుతుందా? ఆ కోడ్ నకలును ఉత్తరంతో జతచేశాను.
– ఒక విద్యార్థిని, విజయనగరం

జవాబు: మీరు గమనించింది నిజమే. కొత్తవారి కోసం ముందుగా రెండు మాటలు చెబుతాను. ఒక ఫైలు సైజు, యజమాని, అనుమతులు, దాని బ్లాకులు డిస్కులో ఎక్కడున్నాయన్న ఆచూకీ, ఇవన్నీ ఐనోడ్‌లో ఉంటాయి. ఫైలు పేరు మాత్రం అందులో ఉండదు, అది పేరును ఐనోడ్‌తో కలిపే డెంట్రీలో ఉంటుంది. సూపర్‌బ్లాక్ మౌంట్ చేసిన మొత్తం ఫైల్ సిస్టమ్‌కు సంబంధించినది. మెమరీలో ఉన్న ప్రతి ఐనోడ్‌లోనూ తాను ఏ సూపర్‌బ్లాక్‌కు చెందినదో చూపే ఐ_ఎస్‌బీ అనే పాయింటర్ ఉంటుంది. డెంట్రీకి కూడా డీ_ఎస్‌బీ అని అలాంటిదే ఉంది. కాబట్టి ఐనోడ్ చేతికి వచ్చిన ఫంక్షన్‌కు సూపర్‌బ్లాక్ కూడా చేతికి వచ్చినట్టే.

వేగం సంగతి వెంటనే తేల్చేద్దాం. పెరగదు. 64 బిట్ల ఇంటెల్, ఏఎండీ యంత్రాల్లో లైనక్స్ పాటించే పద్ధతి ప్రకారం మొదటి ఆరు పాయింటర్ లేదా పూర్ణాంక పారామీటర్లు ప్రాసెసర్ లోపలి రిజిస్టర్లలోనే వెళ్తాయి, ఏడో దాని నుంచే మెమరీలోని స్టాక్ మీదికి ఎక్కుతాయి. ఏఆర్‌ఎమ్ 64 బిట్ల యంత్రాల్లో ఎనిమిదింటి దాకా రిజిస్టర్లు సరిపోతాయి. పైగా మీ ఫంక్షన్ స్టాటిక్, అంటే ఆ ఒక్క ఫైలు దాటి బయట ఎవరూ దాన్ని పిలవరు. అలాంటి వాటిలో వాడకుండా మిగిలిన పారామీటర్లను జీసీసీ కంపైలర్ తనంతట తానే తీసేయగలదు. ఎప్పుడైనా కెర్నెల్ క్రాష్ అయినప్పుడు తెరమీద పడే ఫంక్షన్ పేర్ల వరుసలో కొన్నింటి చివర చుక్క పెట్టి 'ఇస్రా' అని కనిపిస్తుంది. అది మన ఇస్రో కాదు, పారామీటర్లను కంపైలర్ సవరించిందని చెప్పే గుర్తు. కనుక ప్యాచ్ (కెర్నెల్ వారికి పంపే మార్పు) పంపితే దాని వివరణలో వేగం పెరుగుతుందని మాత్రం రాయకండి. కొలిచి చూపించమని అడుగుతారు, మీ దగ్గర చూపించడానికి ఏమీ ఉండదు.

మరి తీసెయ్యడం దేనికి? మన పక్క ఊరి ఉదాహరణ చెబుతాను. రాజాం మండలం 2022 ఏప్రిల్ 4 దాకా శ్రీకాకుళం జిల్లాలో ఉండేది. జిల్లాల పునర్విభజనతో ఆ రోజు నుంచి విజయనగరం జిల్లాలోకి వచ్చింది. ఒక దరఖాస్తులో మండలం గడి, జిల్లా గడి రెండూ ఉన్నాయనుకోండి. ఏ మండలం ఏ జిల్లాలో ఉందో చెప్పే పట్టిక కార్యాలయంలో ఉన్నప్పుడు జిల్లా గడి అక్కర్లేదు. అయినా ఉంచితే, పాత అలవాటు కొద్దీ ఎవరో ఒకరు 'రాజాం మండలం, శ్రీకాకుళం జిల్లా' అని నింపుతారు. అప్పుడు గుమాస్తా దేన్ని నమ్మాలి? కోడ్‌లోనూ ఇబ్బంది ఇదే. ఐనోడ్‌ను, సూపర్‌బ్లాక్‌ను విడివిడిగా అడిగే ఫంక్షన్, ఒక ఫైల్ సిస్టమ్ ఐనోడ్‌ను ఇంకో ఫైల్ సిస్టమ్ సూపర్‌బ్లాక్‌తో జతచేసి పంపే తప్పుకు తలుపు తెరిచి ఉంచుతోంది. అలాంటి తప్పు ఇవాళ ఎవరూ చేయకపోవచ్చు. కానీ ఆ ఫంక్షన్‌ను కొత్తగా చదివే ప్రతి మనిషీ 'ఈ రెండూ వేరువేరుగా ఉండే సందర్భం ఏదైనా ఉందేమో, లేకపోతే విడిగా ఎందుకు అడుగుతారు' అని ఆగి, పిలిచే చోట్లన్నీ వెతుక్కోవలసి వస్తుంది. మీరు ఉత్తరం రాయడానికి కారణం కూడా ఆ అనుమానమే కదా.

అయితే ఆ అనుమానం ఒక్కోసారి నిజమవుతుంది. పారామీటర్ ఉందంటే దానికి ఒక కాలంలో ఒక కారణం ఉండే ఉంటుంది. ఆ కారణం పోయిందని చూపగలిగినప్పుడే దాన్ని తీసే హక్కు వస్తుంది. ఫైల్ సిస్టమ్‌ల చరిత్రలో దీనికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ ఎఫ్‌సింక్. మెమరీలో ఉన్న ఫైలు సమాచారాన్ని డిస్కుకు చేర్చేందుకు ప్రతి ఫైల్ సిస్టమ్ అందించే ఫంక్షన్ అది. 2010కి ముందు అది ఫైలును, డెంట్రీని, డేటా మాత్రమే చాలా లేక మిగతా వివరాలు కూడా చేరాలా అని చెప్పే గుర్తును, ఇలా మూడింటిని తీసుకునేది. తెరిచిన ఫైలులోనే దాని డెంట్రీ ఉంటుంది కాబట్టి, పైపైన చూస్తే మీ సూపర్‌బ్లాక్ లాగానే ఆ డెంట్రీ కూడా అనవసరమే. కానీ అప్పట్లో దాన్ని తీసేసి ఉంటే నెట్‌వర్క్ ద్వారా ఫైళ్లను అందించే ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వర్ కూలిపోయేది. ఆ సర్వర్ ఒక డైరెక్టరీని డిస్కుకు చేర్చేటప్పుడు ఫైలును తెరవకుండా, ఫైలు స్థానంలో ఖాళీ పాయింటర్ పెట్టి, డెంట్రీని మాత్రమే పంపేది. ఈ సంగతి ఆ ఫంక్షన్ పైనున్న వ్యాఖ్యలో రాసి ఉండేది కూడా. తరువాత సర్వర్ డైరెక్టరీలను డిస్కుకు చేర్చే పద్ధతి మారింది, ఖాళీ పాయింటర్ పంపే ఆఖరి చోటు పోయింది. అది పోయాక 2010 ఆగస్టులో వచ్చిన 2.6.35 కెర్నెల్‌లో ఆ డెంట్రీని అన్ని ఫైల్ సిస్టమ్‌ల నుంచీ ఒకేసారి తీసేశారు. ఆ మరుసటి ఏడాది 3.1లో అదే ఫంక్షన్‌కు, ఫైలులో ఎక్కడి నుంచి ఎక్కడి దాకా చేర్చాలో చెప్పే రెండు కొత్త పారామీటర్లు వచ్చి కూర్చున్నాయి. ఒకటి పోతే రెండు వచ్చాయని నవ్వుకోవచ్చు గానీ, వచ్చిన రెండింటికీ పని ఉంది.

ఇక మీరు పంపిన కోడ్‌కు వద్దాం. ఆ ఫంక్షన్‌ను నాలుగు చోట్ల పిలుస్తున్నారు. మూడు చోట్ల ఐనోడ్‌ను ఇచ్చి, ఆ పక్కనే అదే ఐనోడ్ ఐ_ఎస్‌బీని ఇస్తున్నారు. నాలుగో చోట ఎస్‌బీ అనే స్థానిక వేరియబుల్‌ను ఇస్తున్నారు. పైకి ముప్పై పంక్తులు వెళ్లి చూస్తే దానిలోకి వచ్చింది కూడా అదే ఐనోడ్ నుంచి. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ ఫంక్షన్ లోపలికి వెళ్లండి. మధ్యలో ఐపుట్ అనే పిలుపు ఉంది, అంటే ఆ ఐనోడ్‌పై తనకున్న పట్టును వదిలేస్తోంది. పట్టు వదిలాక ఆ ఐనోడ్ మెమరీలో ఉంటుందన్న హామీ లేదు. ఆ తరువాత నాలుగు పంక్తులు దాటి, తప్పు జరిగితే సందేశం ముద్రించడానికి ఎస్‌బీని వాడుతున్నారు. మీరు పారామీటర్‌ను తీసేసి, ఎస్‌బీ కనిపించిన ప్రతి చోటా ఐనోడ్ ఐ_ఎస్‌బీ అని మార్చుకుంటూ పోతే, ఆ సందేశం దగ్గర విడిచిపెట్టిన మెమరీని చదువుతారు. అది నూటికి తొంభై తొమ్మిది సార్లు బయటపడదు. బయటపడ్డ రోజు మీ పేరుతో బయటపడుతుంది. చేయవలసింది చిన్న పనే: ఫంక్షన్ మొదటి పంక్తిలోనే ఎస్‌బీ అనే స్థానిక వేరియబుల్‌ను పెట్టి, ఐనోడ్ ఇంకా మన చేతిలో ఉండగానే దానిలోకి ఐ_ఎస్‌బీ విలువను తీసుకోండి. మిగతా కోడ్‌లో ఒక్క అక్షరం ముట్టుకోనక్కర్లేదు.

ఇలాంటి చోట్ల ఇంకో ఉచ్చు ఉంది. మీ ఫంక్షన్‌లో అది లేదు గానీ, రేపు ఫైలును, ఐనోడ్‌ను రెండింటినీ తీసుకునే ఫంక్షన్ ఎదురైతే గుర్తుంచుకోండి. ఫైలు నుంచి ఐనోడ్‌ను పొందే దారులు రెండు: ఫైలుకు సొంతమైన ఐనోడ్ ఒకటి, ఆ ఫైలు డేటా పేజీలను ఉంచే మ్యాపింగ్‌కు యజమాని అయిన ఐనోడ్ ఇంకొకటి. మామూలు ఫైళ్లకు రెండూ ఒకటే. డిస్కునే ఫైలుగా తెరిచినప్పుడు మాత్రం రెండూ వేరు. తెరిచిన ఫైలు ఐనోడ్ డెవ్ డైరెక్టరీలోది, పేజీల యజమాని బ్లాక్ డివైస్‌కు చెందినది. అలాంటి చోట 'ఒకటే కదా' అని ఐనోడ్‌ను తీసేస్తే తప్పు ఐనోడ్‌తో పని జరిగిపోతుంది. అలాగే మౌంట్ జరుగుతూ ఉండగా పిలిచే ఫంక్షన్లకు అప్పటికి ఐనోడే ఉండదు, సూపర్‌బ్లాక్ ఒక్కటే ఉంటుంది. ఈఎక్స్‌టీ4 అనే ఫైల్ సిస్టమ్‌లో, మార్పులను ముందుగా రాసుకునే జర్నల్‌లో లావాదేవీని మొదలుపెట్టడానికి ఐనోడ్‌ను తీసుకునే రూపం, సూపర్‌బ్లాక్‌ను తీసుకునే రూపం రెండూ ఎందుకున్నాయంటే ఇందుకే.

కారణం ఎక్కడ దొరుకుతుందని అడుగుతారేమో. కోడ్‌లో జరిగిన ప్రతి మార్పునూ దాచే గిట్ చరిత్రలో ఆ పంక్తి ఎప్పుడు పుట్టిందో వెతికి, ఆ మార్పుతో పాటు రాసిన వివరణను చదవండి. కెర్నెల్ గిట్ చరిత్ర 2005 ఏప్రిల్‌లో, 2.6.12 రెండో పరీక్షా విడుదలతో మొదలవుతుంది. మీ పంక్తి ఆ మొదటి మార్పులోనే కనిపిస్తే, అది అంతకంటే పాతదని మాత్రమే అర్థం. అప్పుడు చరిత్ర మీద ఆధారపడకుండా ఇవాళ్టి కోడ్‌లో పిలిచే చోట్లన్నింటినీ చూసి రుజువు చేసుకోవాలి.

ప్రశ్న: వాడని వేరియబుల్ ఉంటే కంపైలర్ హెచ్చరిస్తుంది. వాడని పారామీటర్ ఉంటే కెర్నెల్ కంపైల్ చేసేటప్పుడు ఎందుకు ఏమీ అనదు? హెచ్చరికలను పెంచే డబ్ల్యూ=1 పెట్టి చూసినా రాలేదు.
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం

జవాబు: ఆ హెచ్చరిక కంపైలర్‌కు తెలుసు, కెర్నెల్ వారే నోరు మూయించారు. డబ్ల్యూ=1 పెట్టినప్పుడు అదనపు హెచ్చరికల మూట ఒకటి తెరుచుకుంటుంది గానీ, వాడని పారామీటర్ల గురించి మాత్రం చెప్పవద్దని కెర్నెల్ కంపైల్ నియమాల్లో రాసి ఉంటుంది. కారణం కెర్నెల్ నిర్మాణంలోనే ఉంది. ఫైలును సృష్టించడం, తొలగించడం, పేరు మార్చడం వంటి పనులకు ప్రతి ఫైల్ సిస్టమ్ తన ఫంక్షన్ల పట్టికను అందిస్తుంది. పైనున్న వీఎఫ్‌ఎస్ పొర ఏ ఫైల్ సిస్టమ్ అన్నది పట్టించుకోకుండా ఆ పట్టికలోని పాయింటర్ ద్వారా పిలుస్తుంది. అందరికీ ఒకే ఆకారం ఉండాలి కాబట్టి, ఒక్కరికి అవసరమైన పారామీటర్‌ను మిగిలిన అందరూ మోయవలసిందే. 2012లో 3.6 కెర్నెల్‌తో, ఫైలును సృష్టించే పిలుపులోని నేమ్‌ఐడేటా అనే పెద్ద పారామీటర్‌ను తీసి, దాని స్థానంలో 'ఈ పేరుతో ఫైలు ముందే ఉంటే విఫలం కావాలా' అని చెప్పే అవును-కాదు గుర్తు ఒకటి పెట్టారు. ఈఎక్స్‌టీ4 దాన్ని అందుకుని పక్కన పెట్టేసింది. చాలా యంత్రాలు ఒకే డిస్కును పంచుకునే జీఎఫ్‌ఎస్2 దాన్ని వాడుకుంది. ఆ హెచ్చరికను తెరిచి ఉంచితే ఈఎక్స్‌టీ4లోని అలాంటి ఫంక్షన్లన్నింటిమీదా అరుపులే, ఒక్కదానిలోనూ తప్పుండదు.

కాబట్టి మీ వేటలో మొదట చూడవలసింది ఆ ఫంక్షన్ పేరు ఏదైనా పట్టికలో ఉందా అన్నది. ఉంటే వదిలెయ్యండి. తీయాలంటే పట్టిక ఆకారాన్నే మార్చాలి, అంటే ఆ పట్టికను నింపే ఫైల్ సిస్టమ్‌లన్నింటినీ ఒకే దెబ్బకు మార్చాలి. అది ఎఫ్‌సింక్ స్థాయి పని, మొదటి ప్యాచ్‌గా చేసే పని కాదు. అంత పని ఎవరైనా తలకెత్తుకుంటే చేతితో చేయరు. 'ఈ ఫంక్షన్‌ను పిలిచే ప్రతి చోటా రెండో పారామీటర్‌ను తీసెయ్యి' అని ఒక చిన్న నియమం రాస్తే కోడ్ అంతా వెతికి మార్చే కాక్సినెల్ అనే పనిముట్టు ఉంది. ఫ్రెంచిలో ఆ మాటకు అర్థం, పైరుకు పట్టే పేనుబంకను తినే అక్షింతల పురుగు.

ప్రశ్న: నేను ఉద్యోగం చేస్తూ ఖాళీ సమయంలో ఒక ఫైల్ సిస్టమ్‌లో వాడని పారామీటర్‌ను తీసి ప్యాచ్ పంపాను. కోడ్ తప్పని అనలేదు. 'ఇలాంటి ఊరకే కదిలించే మార్పులు వద్దు' అని రెండు ముక్కల్లో తిప్పి పంపారు. తప్పు లేని ప్యాచ్‌ను తిరస్కరించడం న్యాయమేనా?
– ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: మీకు కష్టం కలిగిందన్నది నిజం. రెండు ముక్కలకు బదులు నాలుగు ముక్కలు రాసి ఉంటే బాగుండేదన్నదీ నిజం. అయితే అవతలి మనిషి వైపు నుంచి కూడా చూడండి. ఫైల్ సిస్టమ్‌లో పొరపాటు జరిగితే పోయేది జనం డేటా. మిగతా కోడ్‌లో పొరపాటు జరిగితే యంత్రాన్ని ఆపి మళ్లీ పెట్టుకుంటాం, ఇక్కడ ఆ వీలు లేదు. పైగా కొత్త కెర్నెల్‌లో ఒక తప్పును సరిదిద్దినప్పుడు, అదే సవరణను ఏళ్ల తరబడి నడిచే పాత స్థిర కెర్నెల్‌లకు కూడా తీసుకెళ్లి అతికించాలి. మధ్యలో మీ ప్యాచ్ పన్నెండు చోట్ల పిలుపు ఆకారాన్ని మార్చి ఉంటే, ఆ పన్నెండు చోట్ల దగ్గరగా జరిగే ప్రతి సవరణా పాత కెర్నెల్‌లో సరిగ్గా అతకదు. ఎవరో కూర్చుని చేతితో సర్దాలి. ఆ ఎవరో సాధారణంగా మీకు జవాబు రాసిన మనిషే. శుభ్రపరచడం ఉచితం కాదని వారికి అనుభవంలో తెలుసు.

మీరు పంపిన వివరణను చదివాను. 'వాడని పారామీటర్‌ను తీసేస్తున్నాను' అని ఒక్క వాక్యం ఉంది. అది కోడ్ చూస్తేనే తెలిసే సంగతి. అక్కడ ఉండవలసింది వేరు: ఈ పారామీటర్ ఎప్పుడు, ఏ అవసరానికి వచ్చింది, ఏ మార్పుతో ఆ అవసరం పోయింది, ఎవరూ దాన్ని వాడటం లేదని మీరు ఎలా తేల్చుకున్నారు. ప్రోగ్రాం ఇచ్చిన మెమరీ చిరునామా సరైనదో కాదో చూసే యాక్సెస్_ఓకే అనే ఫంక్షన్ నుంచి 'చదవడానికా, రాయడానికా' అని చెప్పే పారామీటర్‌ను 2019 జనవరిలో, లైనక్స్‌ను సృష్టించిన లైనస్ టోర్వాల్డ్స్ స్వయంగా తీసేశారు. అది ఫైల్ సిస్టమ్‌కు మాత్రమే చెందినది కాదు గానీ పాఠం అదే. ఆ తేడా అసలు ఎందుకు పుట్టిందంటే, పాత 386 చిప్ కెర్నెల్ స్థాయిలో నడిచేటప్పుడు 'ఇక్కడ రాయకూడదు' అన్న రక్షణను లెక్కచేసేది కాదు. ఆ చిప్‌కు మద్దతును 3.8 కెర్నెల్ నాటికే తీసేశారు. పారామీటర్ మాత్రం ఆ తరువాత కూడా ఏళ్ల తరబడి ప్రతి పిలుపులోనూ ప్రయాణం చేస్తూనే ఉండి, 5.0 కెర్నెల్‌తో గానీ పోలేదు. ఇలా పుట్టుకను, చావును రెండింటినీ చూపే వివరణకు, ఒక్క వాక్యపు వివరణకు దొరికే మర్యాద ఒకటే కాదు.

ఇంకో దారి కూడా ఉంది, నాకు ఇదే నచ్చుతుంది. ఆ ఫంక్షన్‌లో నిజంగా ఏదైనా తప్పును దిద్దుతున్నప్పుడు, శుభ్రపరిచే మార్పును వరుసలో విడి ప్యాచ్‌గా జతచేయండి. తప్పును దిద్దే ప్యాచ్ ముందు ఉండాలి, శుభ్రత దాని తరువాత రావాలి. అప్పుడు మొదటిది పాత కెర్నెల్‌లకు ఒంటరిగా వెళ్లగలదు. రెండూ కలిపి ఒకే ప్యాచ్‌లో పెడితే రెండూ తిరిగి వస్తాయి. ఒక పారామీటర్‌ను తీసే ప్యాచ్‌ను మాత్రం ముక్కలు చేయకండి. ఫంక్షన్‌ను ఒక ప్యాచ్‌లో, పిలిచే చోట్లను ఇంకో ప్యాచ్‌లో మారిస్తే మధ్యలో కెర్నెల్ కంపైల్ కాదు, తరువాత ఎప్పుడో ఏ మార్పుతో తప్పు వచ్చిందో తేల్చడానికి చరిత్రను సగం సగం చేస్తూ వెతికేవారు (బైసెక్ట్ అంటే అదే) అక్కడ ఇరుక్కుపోతారు. ఇక కొత్త విడుదల తరువాత రెండు వారాలు కొత్త కోడ్‌ను చేర్చుకునే సమయం. ప్యాచ్‌లను పరిశీలించి చేర్చుకునే మెయింటెయినర్లకు అప్పుడు ఊపిరి సలపదు. మీ ఉత్తరంలోని తేదీ చూస్తే మీరు సరిగ్గా ఆ రెండు వారాల్లోనే పంపారు.

ప్రశ్న: మనం సీ ప్రోగ్రాంలో వాడే సిస్టమ్ కాల్‌లలో కూడా అక్కర్లేని పారామీటర్లు ఉన్నాయా? వాటినీ తీసేస్తారా?
– ఒక పాఠకురాలు, పలాస

జవాబు: ఉన్నాయి. తీయరు. కెర్నెల్ లోపలి ఫంక్షన్ల ఆకారాన్ని ఎప్పుడైనా మార్చుకోవచ్చు, బయటి మాడ్యూళ్లు విరిగిపోయినా కెర్నెల్ వారు బాధ్యత తీసుకోరు. ప్రోగ్రాంలు పిలిచే సిస్టమ్ కాల్ మాత్రం ఒకసారి ఇచ్చిన మాట. ఈపోల్_క్రియేట్ చూడండి, దాని కోడ్ ఫైల్ సిస్టమ్‌ల డైరెక్టరీలోనే ఉంటుంది. ఎన్ని ఫైళ్లను గమనించబోతున్నామో చెప్పే సైజు అనే పారామీటర్ దానికి ఉంది. 2.6.8 కెర్నెల్ నుంచి ఆ సంఖ్యను ఎవరూ వాడటం లేదు. అయినా అది సున్నా కంటే పెద్దదిగా ఉండాలి, సున్నా ఇస్తే తప్పని తిప్పి పంపుతుంది! వాడని పారామీటర్‌కు కూడా నియమం ఉండటం వింతగానే ఉంటుంది గానీ, పాత ప్రోగ్రాంలు ఆ ప్రవర్తన మీద ఆధారపడి ఉండవచ్చు. సైజు లేని రూపం కావాలనుకున్నప్పుడు పాతదాన్ని ముట్టుకోకుండా, 2.6.27లో పేరు చివర 1 చేర్చి కొత్త కాల్‌ను పెట్టారు. గెట్‌సీపీయూ అనే కాల్‌లోని మూడో పారామీటర్‌దీ ఇదే కథ, 2.6.24 నుంచి ఖాళీగా కూర్చుని ఉంది.

ప్రశ్న: మా ఇంట్లో 8 జీబీ మెమరీ ఉన్న పాత లాప్‌టాప్ ఒక్కటే ఉంది. ఇలాంటి ప్యాచ్‌ను దానిమీద పరీక్షించవచ్చా, లేక సర్వర్ కావాలా?
– ఒక పాఠకుడు, నరసన్నపేట

జవాబు: సర్వర్ అక్కర్లేదు, ఓపిక కావాలి. ఎంచుకోగలిగినదంతా మాడ్యూళ్లుగా ఎంచుకుని మొత్తం కెర్నెల్‌ను కంపైల్ చేస్తే మీ యంత్రం రాత్రంతా తిరుగుతుంది; మధ్యలో కరెంటు పోతే తెల్లారి మిగిలినది కొనసాగించుకోవచ్చు. మొదట మాత్రం మీరు మార్చిన ఫైల్ సిస్టమ్ డైరెక్టరీని ఒక్కదాన్నే కంపైల్ చేయండి. ఫంక్షన్ స్టాటిక్ అయితే దాదాపు అక్కడే తేలిపోతుంది. బయటికి ఎగుమతి చేసిన ఫంక్షన్ అయితే అది చాలదు.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. కొన్నేళ్ల క్రితం ఒక ఫైల్ సిస్టమ్ హెడర్‌లోని ఫంక్షన్ నుంచి పారామీటర్‌ను తీసి, పిలిచే చోట్లన్నీ మార్చి, నా యంత్రం మీద కంపైల్ అయిందని తృప్తిగా పంపాను. రెండో రోజే ఇంకొకరి యంత్రం మీద కంపైల్ కాలేదని వచ్చింది. ఆ హెడర్‌లో అదే ఫంక్షన్ రెండుసార్లు ఉంది: యాక్సెస్ జాబితాల సదుపాయాన్ని ఎంచుకుంటే అసలు ఫంక్షన్, ఎంచుకోకపోతే ఏమీ చేయకుండా సున్నాను తిప్పి ఇచ్చే ఒక ఉత్తుత్తి ఫంక్షన్. నా యంత్రంలో సదుపాయం ఎంచుకుని ఉంది కాబట్టి రెండోది కంపైలర్ కంటికి కనపడలేదు, నా కంటికీ కనపడలేదు. దాని పారామీటర్ల వరుస పాతగానే మిగిలిపోయింది. కాబట్టి ఆ సదుపాయాన్ని ఒకసారి పెట్టి, ఒకసారి తీసి, రెండు విధాలుగానూ కంపైల్ చేయండి. డబ్ల్యూ=1తో కూడా ఒకసారి నడపండి; ఫంక్షన్ పైనున్న వ్యాఖ్యలో మీరు తీసిన పారామీటర్ పేరు, దాని వివరణ అలాగే ఉండిపోతే, లేని పారామీటర్‌ను వర్ణిస్తున్నారని అది హెచ్చరిస్తుంది. చాలామంది మరిచిపోయే పంక్తి అదే.

నడిపి చూడటానికి మీ పని ఫైళ్లున్న డిస్కును వాడకండి. క్యూఈఎమ్‌యూలో చిన్న వర్చువల్ యంత్రాన్ని పెట్టి, రెండు ఖాళీ ఫైళ్లను సృష్టించి వాటినే డిస్కులుగా చూపండి. ఎఫ్‌ఎస్‌టెస్ట్స్ అనే పరీక్షల సముదాయం రెండు డిస్కులను అడుగుతుంది; ఒకటి పరీక్షలకు, రెండోది స్క్రాచ్ అని పిలిచేది, దాన్ని అది మాటిమాటికీ చెరిపేసి ఫార్మాట్ చేస్తుంది. ఆ రెండో గడిలో పొరపాటున ఇంటి ఫోటోలున్న డిస్కు పేరు రాయకుండా చూసుకోండి. త్వరగా ముగిసే పరీక్షలను విడిగా క్విక్ అనే గుంపులో పెట్టారు, మీ లాప్‌టాప్‌కు మొదట అది చాలు. ప్యాచ్ లేకుండా ఒకసారి, ప్యాచ్‌తో ఒకసారి నడపాలి, ఎందుకంటే కొన్ని పరీక్షలు మీ ప్రమేయం లేకుండానే విఫలమవుతూ ఉంటాయి. రెండు జాబితాలను పక్కపక్కన పెట్టి తేడా ఉందేమో చూడండి.

పరీక్షలన్నింటికంటే గట్టి రుజువు ఒక్కోసారి ఏమీ నడపకుండానే దొరుకుతుంది. ప్యాచ్‌కు ముందూ తరువాతా కంపైల్ అయిన ఆబ్జెక్ట్ ఫైళ్లను ఆబ్జ్‌డంప్ అనే పనిముట్టుతో విప్పి పోల్చి చూడండి. కంపైలర్ ఆ పారామీటర్‌ను ముందే తీసేసి ఉంటే, రెండింటిలోనూ యంత్రం పాటించే ఆదేశాలు ఒకేలా వస్తాయి. అక్కడక్కడ ఒక అంకె మాత్రం ఒకటో రెండో అటూఇటూగా తేడా కనిపిస్తే కంగారు పడకండి. ఈఎక్స్‌టీ4 తప్పులను ముద్రించే మాక్రోలు తాము ఉన్న పంక్తి సంఖ్యను కూడా కోడ్‌లో ఇముడ్చుకుంటాయి. మీరు పైన ఒక పంక్తిని చేర్చినా తీసినా కింద ఉన్న ఆ సంఖ్యలన్నీ జరుగుతాయి. ఆ అంకెలు తప్ప మిగిలినదంతా ఒకటేనని తేలితే, ఏ కంపైలర్, ఏ వెర్షన్‌తో పోల్చారో చెబుతూ ఆ సంగతిని ప్యాచ్ వివరణలో ఒక వాక్యంగా రాయండి. బొబ్బిలి పాఠకుడు తన ప్యాచ్‌ను మళ్లీ పంపేటప్పుడు కూడా ఈ వాక్యాన్ని చేర్చుకోవచ్చు.